మందుకు సబ్సిడీనా, మొక్కకు వలనా? పురుగు మోసే తెగులుకు సర్కారు డబ్బు ఎక్కడ పెడితే మేలు

నిమ్మ తోటలో పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బాగా ముదరని ఆకు కోసి ఎండకేసి పట్టి చూడాలి. సన్న ఈనెలు అక్కడక్కడ తెగినట్టు, నూనె చుక్క పడ్డ కాగితంలా వెలుగు కనబడితే చెట్టును మెల్లగా దెబ్బతీసే ట్రిస్టెజా వైరస్‌ని అనుమానించాలి. కొమ్మ బెరడు లేపితే కింద చెక్క మీద సూదితో పొడిచినట్టు గుంటలు కూడా కనిపించవచ్చు. నిరుడు మా తోటలో, నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర, ఆరో సాలులో అలాంటి చెట్టు దొరికింది. నాటి నాలుగేళ్లే అయింది. గట్టు అవతలి తోట పెద్దాయన వచ్చి చూసి, "ఏందబ్బయా, నేను మొన్ననే మందు కొట్టించినా. నువ్వు కొట్టలేదా?" అన్నాడు. కొట్టాను. ఆయనకంటే పది రోజుల ముందు.

ఈ వైరస్‌ని చెట్టు నుంచి చెట్టుకు మోసేది పేనుబంక. నిమ్మ, నారింజ జాతి చెట్లకు వచ్చే మరో జబ్బు గ్రీనింగ్ తెగులును మోసేది సిల్లా పురుగు. రెంటికీ లేత చిగురంటే ప్రాణం. నేను కొట్టిన రోజు అవి గట్టు దాటి ఆయన తోటలో ఉన్నాయి, ఆయన కొట్టిన రోజు మా తోటకు తిరిగొచ్చాయి. తెగులు ఒకసారి చెట్టులోకి దిగాక ఏ మందూ దాన్ని పూర్తిగా బయటికి లాగదు. కాబట్టి పెట్టే డబ్బంతా తెగులు రాకముందే పెట్టాలి. ఎక్కడ పెట్టాలన్నదే తగువు.

మనవాళ్లు ముందు అడిగేది మందు మీద సబ్సిడీ. అడగడంలో తప్పేం లేదు. ఆరు మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి నూట పది చెట్లు వస్తాయి. చెట్టుకు అయిదు లీటర్లు లెక్కేసుకున్నా 550 లీటర్లు. ఇరవై లీటర్ల తైవాన్ స్ప్రేయర్‌ని ఇరవై ఏడెనిమిది సార్లు నింపి భుజానికెత్తాలి. ఇది ఒక్క దఫాకే, చిగురొచ్చినప్పుడల్లా మళ్లీ మొదలు. మందు సగం ధరకొస్తే ఎవరికి చేదు? చిక్కేంటంటే, చవగ్గా దొరికిన మందే అందరం పదేపదే కొడతాం. కొన్నేళ్లు తిరిగేసరికి పురుగు దానికి అలవాటు పడుతుంది. కూలి ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది.

రెండోది ఊరంతా ఒకే వారంలో కొట్టడం. దీనికి ద్రాక్షవాళ్ల అనుభవం చూడాలి. కాలిఫోర్నియా దక్షిణాన టెమెక్యులా అనే చోట 1990ల చివర్లో ద్రాక్ష తీగలు వరసగా ఎండిపోయాయి. పియర్స్ తెగులు అంటారు. బ్యాక్టీరియా తీగలో నీళ్లు పారే నాళాలను మూసేస్తుంది, మొక్క నీళ్లున్నా దాహంతో చస్తుంది. దాన్ని మోసింది అర అంగుళం పొడవుండే, రసం పీల్చే పురుగు. నాకు ఆశ్చర్యం కలిగించింది మాత్రం మందు ఎక్కడ పెట్టారన్నది. ద్రాక్ష తోటల్లోనే కాదు, పక్కనున్న నారింజ, నిమ్మ జాతి తోటల్లో పెట్టారు. పురుగు చలికాలం గడిపేది అక్కడే. ఆ చెట్లకు జబ్బు లేదు, వాటి రైతులకు నష్టం లేదు. అయినా 2000 నుంచి ప్రభుత్వ డబ్బుతో అక్కడ పురుగుని అణిచారు. పక్కవాడి తోట కోసం నా తోటలో నా జేబు డబ్బుతో మందు కొట్టమంటే నేను కొడతానా? కొట్టను. సర్కారు డబ్బుకు అసలు పని అలాంటి చోటే ఉంది.

ఖర్చు మొత్తం సర్కారు మీదే వేయలేదు. 2001లో వైన్ ద్రాక్ష రైతులు తమ మీద తామే సెస్సు వేసుకున్నారు, వెయ్యి డాలర్ల పంటకు మూడు డాలర్లకు మించకుండా. మన లెక్కలో లక్ష రూపాయల కాయకు మూడు వందలు. ఉంచాలా తీసేయాలా అని కొన్నేళ్లకోసారి వాళ్లే ఓటేస్తారు. ఇక్కడైతే ఈ సెస్సు ఎవరి మీద పడుతుందో ఒకసారి ఆలోచించండి. చాలా తోటలు గుత్తకో కౌలుకో ఉంటాయి. కాయ అమ్మేవాడు సెస్సు కడతాడు, చెట్టు చస్తే నష్టం భూమి ఉన్నవాడిది. గుత్తదారుకు వచ్చే ఏటి చెట్టుతో పనేంటి?

పైగా కలిసి కొట్టడమనేది ఇష్టమున్నవాళ్లకు వదిలేస్తే నిలవదు. ఫ్లోరిడాలో 2005లో గ్రీనింగ్ బయటపడింది. రైతుల్ని ప్రాంతాలవారీగా కూడగట్టి ఒకేసారి కొట్టిద్దామని చూశారు. చేరినవాళ్లు చేరారు, పక్కవాడు కొడతాడులే అని కూర్చున్నవాళ్లు కూర్చున్నారు. 2003-04లో 24 కోట్ల పెట్టెలు పండిన నారింజ 2022-23 నాటికి కోటిన్నర పైచిలుకుకు పడిపోయింది. తుఫాన్ల పాపం కూడా అందులో ఉంది, కాదనను. గ్రీనింగ్ పాపమే ఎక్కువ.

మూడోది నర్సరీ. నా ఓటు దీనికే. ఆ ద్రాక్ష పురుగు కాలిఫోర్నియాకు రెక్కలతో ఎగిరి రాలేదు. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నుంచి నర్సరీ మొక్కల ఆకుల మీద గుడ్లుగా వచ్చిందని చెబుతారు. అందుకే కాలిఫోర్నియాలోనే పురుగున్న దక్షిణ జిల్లాల నుంచి ఉత్తర జిల్లాలకు వెళ్లే నర్సరీ మొక్కల లోడ్లను తనిఖీ చేయడం ఆ కార్యక్రమంలో పెద్ద భాగమైంది. మనకీ దారి అదే. ట్రిస్టెజా విత్తనంలో రాదు. గింజ నుంచి మొలిచిన నిమ్మ మొక్క పుట్టుకతో శుభ్రమే. పాత చెట్ల నీడన, వల లేని నారుమడిలో పెరిగేటప్పుడు పేనుబంక దానికి అంటిస్తుంది. ఇక బత్తాయి అంటు అయితే, తల్లి చెట్టులో జబ్బుంటే అంటు కట్టే కన్ను మొగ్గతో పాటే వచ్చేస్తుంది. నారుమడి మీద సన్న వల, తల్లి చెట్లకు ఏటా పరీక్ష, జబ్బు చెట్టు కొట్టేస్తే పరిహారం: ఈ మూడింటికీ డబ్బు పెడితే ఒక్కో మొక్క ఇరవై ఏళ్లు కాపాడుకోదగ్గదిగా తోటలోకి వస్తుంది. ఇప్పటికే జబ్బు పట్టిన తోటలకు ఇది పనికిరాదన్నది నిజం. వాళ్లకు కొన్నేళ్లు రెండో దారే దిక్కు, అదీ గుత్త తోటలు కూడా తప్పించుకోకుండా.

తట్టుకునే రకాల మీద పరిశోధన కూడా కావాలి, కానీ ఓపిక ఉండాలి. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం పియర్స్ తెగులును తట్టుకునే అయిదు ద్రాక్ష రకాలను 2019లో ఇచ్చింది, ఇరవై ఏళ్ల పని తర్వాత.

మా ఆరో సాలు చెట్టుని పీకేసి, సందుల్లో వేయడానికి పాతిక మొక్కలు తెద్దామని ఈ మధ్య ఒక నర్సరీకి వెళ్లాను. వల ఏదయ్యా అంటే, "వలెందుకు సార్, మొక్క నవనవలాడుతుంటే!" అన్నాడు. నారుమడిని ఆనుకునే పాత నిమ్మ చెట్టు ఉంది. దాని ఆకు ఒకటి తుంచి ఎండకు పట్టాను. వాడు నా వంక వింతగా చూశాడు. ఖాళీ చేతులతో తిరిగొచ్చాను, ఆరో సాలులో గుంత ఇంకా అలాగే ఉంది.