ఊగే చెక్క నేల: జాయిస్టుకు జోడీ కట్టడం మేలా, మధ్యలో దూలం వేయడం మేలా?

నడుస్తుంటే అల్మారాలో గ్లాసులు గలగలలాడుతున్నాయంటే ముందు చూడాల్సింది నేల కిందున్న జాయిస్టుల్ని, అంటే నేల పలకల్ని మోసే వరస చెక్కల్ని. గోడకు ఆనే చివరల్లో స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే పుచ్చు పట్టినట్టో, చెదలు తిన్నట్టో లెక్క. తేమ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపనిదే మరే పనీ మొదలుపెట్టొద్దు. పైపుల కోసం జాయిస్టు అడుగు అంచును ఎవరైనా చెక్కేశారేమో కూడా చూడాలి. నడిమి మూడో వంతులో అలాంటి గాటు ఉంటే ఊగడం ఒక్కటే కాదు, అక్కడే పగిలే ప్రమాదమూ ఉంది.

కర్ర గట్టిగానే ఉండి నేల ఊగుతుంటే ఆ తప్పు ఎక్కువగా పొడవుదే. జాయిస్టు ఒక ఆనుడు (అది ఆనే గోడ లేదా దూలం) నుంచి మరో ఆనుడు దాకా టేపు పెట్టి కొలవండి. పొడవులో 360వ వంతు వరకూ వంగొచ్చన్నది మామూలుగా వాడే హద్దు. 12 అడుగులకు అది దాదాపు 10 మిల్లీమీటర్లు. ఆ హద్దులోనే ఉన్న నేల కూడా కాలికి ఊగుతున్నట్టు తెలియొచ్చు.

కింద చోటుంటే మధ్యలో అడ్డంగా దూలం వేసి స్తంభాల మీద నిలపడమే అన్నిటికన్నా మేలు. జాయిస్టు పొడవు సగమైతే, మధ్యలో అడుగు వేసినప్పుడు వచ్చే వంపు దాదాపు 8వ వంతుకు పడిపోతుంది. నేలంతా పరుచుకున్న బరువుకైతే ఇంకా తక్కువ. అయితే ఏకంగా సాగే జాయిస్టు మధ్యలో ఆనుడు పెడితే, అప్పటి నుంచి పడే బరువులో సగానికి మించి ఆ కొత్త దూలం మీదికే వస్తుంది. అందుకే స్తంభాన్ని పలచటి కాంక్రీటు నేల మీద నిలబెట్టి వదిలేస్తే ఆ కాంక్రీటు పగిలి కుంగుతుంది, పైన చెక్క నేల మళ్ళీ మొదటికొస్తుంది. స్తంభం కింద విడిగా పునాది పోయాల్సిందే. ఇంకో సంగతి చాలామంది గమనించరు. దూలం ఆనే చోట జాయిస్టు పై అంచు సాగుతుంది కాబట్టి, సరిగ్గా అక్కడ పైన గాటు ఉంటే దూలాన్ని కాస్త పక్కకు జరపాలి. కుంగిన నేలను జాకీతో ఒక్కసారిగా లేపొద్దు. రోజుకు 3 మిల్లీమీటర్లకు మించితే పై గోడల గిలాబా పగులుతుంది, తలుపులు బిగుసుకుంటాయి.

కింద గది వాడకంలో ఉండి స్తంభానికి చోటు లేదనుకోండి, ప్రతి జాయిస్టుకూ అదే కొలత చెక్కను పక్కన జోడించడం మంచిది. వంపు సగమవుతుంది. దూలమిచ్చే లాభం ముందు ఇది తక్కువే, పైగా వైర్లూ పైపులూ పక్కకు తీయాల్సిన చాకిరీ ఎక్కువ. చెక్కకు సహజంగా ఉన్న వంపు పైకి వచ్చేలా తిప్పి, జిగురు పూసి, క్లాంపులతో బిగించి, అర అంగుళం బోల్టుల్ని 16 అంగుళాలకొకటి పైకీ కిందికీ మార్చి వేయాలి. ముందుగా జాకీతో జాయిస్టును సమం చేయకపోతే ఆ కుంగు అలాగే ఉండిపోతుంది. నిండు పొడవు చెక్క లోపలికి దూరకపోతే నడిమి మూడింట రెండు వంతులకైనా వేస్తే ఊపు బాగా తగ్గుతుంది. కానీ పుచ్చిన చివరలకు ఆ పొట్టి చెక్క పనికిరాదు. అక్కడ జోడీ చెక్క గోడ మీద ఆనాలి.

జాయిస్టుల మధ్య అడ్డచెక్కలు బిగించడం చవకైన పని. ఒక జాయిస్టు మీద పడ్డ అడుగును ఇరుగుపొరుగు జాయిస్టులకు పంచుతాయవి. బిగుతుగా కూర్చోకపోతే కిర్రుమంటాయి. జోడీ కట్టాక మధ్యలో ఒక వరస వేస్తే బాగుంటుంది గానీ, వాటిని మాత్రమే నమ్ముకుంటే పొడవైన నేలకు చాలదు.

పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయడం జాయిస్టుకూ జాయిస్టుకూ మధ్య పలక వంగుతున్నప్పుడే అక్కరకొస్తుంది. జాయిస్టే ఊగుతుంటే ఆ ఖర్చు దండగ. పైగా నేల అంతమేర లేస్తుంది, తలుపుల అడుగు కోయాలి, మెట్ల దగ్గర ఆఖరి మెట్టు ఎత్తు మారి కాలు తడబడుతుంది.

స్నానపు తొట్టి పెట్టే గది విషయంలో మాత్రం సొంత లెక్కలు వద్దు. 200 లీటర్ల నీళ్ళే 200 కిలోలు, ఆపైన తొట్టీ మనిషీ. అలాంటి చోటా, పై అంతస్తు గోడ బరువు జాయిస్టుల మీదికి దిగే చోటా దూలం, పునాది కొలతలు స్ట్రక్చరల్ ఇంజనీరే తేల్చాలి.