టక్‌మన్న చప్పుడు, పగిలిన మోకాలు: గన్‌ప్లాతో రెండున్నరేళ్ళు

గండమ్ అనే జపాన్ కార్టూన్ రోబోల బొమ్మల్ని ప్లాస్టిక్ ముక్కలతో మనమే బిగించుకునే కిట్లున్నాయి, వాటినే గన్‌ప్లా అంటారు. వీటి గురించి నన్నెవరు అడిగినా ముందు ఆ చప్పుడు గురించే చెబుతాను. రెండు ముక్కలు ఎదురెదురుగా పెట్టి బొటనవేలితో నొక్కితే ‘టక్’మని ఒకటైపోతాయి. జిగురు అక్కర్లేదు, స్క్రూలు అక్కర్లేదు. అతికిన చోట గోరు కూడా దిగదు. రెండున్నరేళ్ళలో తొమ్మిది కిట్లు బిగించాను. పొద్దంతా లెక్కలు చూసి ఇంటికొచ్చిన మనిషికి, ప్రతి ముక్కా దాని చోటులో సరిగ్గా కూర్చోవడం ఎంత హాయిగా ఉంటుందో మాటల్లో పెట్టడం కష్టం.

మొదటిది మా తమ్ముడు తెచ్చాడు. వాడు టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. సెలవులకు వస్తూ మా అమ్మాయి కోసం ఎంట్రీ గ్రేడ్ గండమ్, అంటే కొత్తవాళ్ళ కోసం చేసే తేలిక రకం కిట్, తెచ్చి, “అక్కా, దీనికి కటర్ కూడా అక్కర్లేదు, చేత్తో తుంచొచ్చు” అన్నాడు. పిల్లకి అప్పుడు ఎనిమిదేళ్ళు. తల, ఒక చెయ్యి పూర్తయ్యేసరికి నిద్రపోయింది. మిగతాది నేను ముగించాను. గైడులో అక్షరాలన్నీ జపనీస్, కానీ ఒక్కటి కూడా చదవాల్సిన పని పడలేదు, బొమ్మలే చాలు. లేచేసరికి రాత్రి ఒంటిగంట. కథలో 18 మీటర్ల ఎత్తుండే రోబో అది. 144వ వంతుకి తగ్గిస్తే పన్నెండున్నర సెంటీమీటర్లు, మన స్టీలు గ్లాసంత. ఆ గ్లాసంత బొమ్మలో తెలుపు, నీలం, ఎరుపు, పసుపు దేనికది వేరు ముక్కలుగా వచ్చాయి. కళ్ళకి కూడా స్టిక్కర్ లేదు, ప్లాస్టిక్కే ఆ రంగులో ఉంది.

1979లో జపాన్ టీవీలో మొదలైన సీరియల్‌లోని రోబో ఇదనీ, 1980 జులై నుంచి దీని కిట్లు అమ్ముతున్నారనీ తర్వాత తెలుసుకున్నాను. జపాన్‌లోని షిజువోకాలో ఈ కిట్లు చేసే ఫ్యాక్టరీలో ఒకే రన్నర్ మీద నాలుగు రంగుల ముక్కలు పోత పోసే మిషన్లు ఉన్నాయట. ముక్కలు చుట్టూ అతుక్కుని ఉండే ఆ చట్రాన్నే రన్నర్ అంటారు. ఇలాంటివి చదివాక ఆ టక్‌మన్న చప్పుడు మీద గౌరవం ఇంకా పెరిగింది. ఎక్కడో ఇనుప అచ్చు చెక్కిన మనిషి చేతి లెక్క అది.

రెండోది హెచ్‌జీ (హై గ్రేడ్) రకంలో జాకు, అదే సీరియల్‌లోని ఇంకో రోబో, ఆకుపచ్చది. దీనికి నిప్పర్, అంటే ముక్కలు కోసే చిన్న కటర్, కావాలి. ముక్కకి దూరంగా ఒకసారి, దగ్గరగా ఇంకోసారి, రెండు కోతల్లో తీయాలి. ఒకేసారి ముక్కకి ఆనించి కోస్తే అక్కడ తెల్లగా మచ్చ పడుతుంది, ముదురు రంగు మీద మరీ కనిపిస్తుంది. గోటితో గట్టిగా రుద్దితే కొంత తగ్గుతుంది. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నాకు ఎవరూ చెప్పనిది ఒకటుంది, అది చెబుతాను.

జాకు పూర్తయ్యాక ఒళ్ళంతా ఒకటే పచ్చదనంతో చప్పగా అనిపించింది. ప్యానెల్ లైనింగ్ చేస్తే అందం వస్తుందని వీడియోల్లో చూశాను. ఒంటి మీద సన్నటి గాళ్ళుంటాయి కదా, వాటిలోకి నల్ల సిరా దించడం. మూతకే కుంచె ఉన్న చిన్న సీసా తెప్పించాను. ఎనామిల్ రకం సిరా. గాడి మీద ఒక్క చుక్క ఆనిస్తే చాలు, దానంతటదే గాడి పొడవునా పాకిపోతుంది. ఆ పాకడం చూస్తుంటే చెయ్యి ఆగలేదు. ఛాతీ, భుజాలు, నడుము అన్నీ అయ్యాయి. మోకాళ్ళ దగ్గర కాస్త ఎక్కువే పడింది. అది కీలు సందులోకి దిగిపోయింది. పైన కనిపించినంత వరకు థిన్నర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి షెల్ఫ్‌లో పెట్టాను. ఆ రాత్రి అది నా కంటికి షోరూమ్ బొమ్మలా ఉంది.

మూడో రోజు దుమ్ము దులుపుతూ కాలు కొంచెం వంచాను. కుడి మోకాలి దగ్గర ముక్క చీలి చేతిలోకి వచ్చింది. బలం ఎక్కువ పెట్టానేమో అనుకున్నాను. బాధతో ఎడమ కాలు టార్చిలైట్ కింద పట్టి చూస్తే, అక్కడా సరిగ్గా అదే చోట వెంట్రుకంత బీట. దాన్ని నేను వంచనే లేదు. అంటే తప్పు నా చేతి బలానిది కాదు.

సంగతి ఏమిటంటే, ముక్కలు అంత బిగువుగా కూర్చున్నాయంటే, ఒక ముక్కకున్న పిన్ను ఇంకో ముక్క రంధ్రంలోకి దిగిన చోట ప్లాస్టిక్ ఎప్పుడూ లాగబడి ఉన్నట్టే. ఎనామిల్ సిరాలో ఉండే థిన్నర్ అలాంటి చోట చొరబడితే ప్లాస్టిక్ తట్టుకోలేదు, దానంతటదే బీటలిస్తుంది. కీళ్ళకి వాడే ఏబీఎస్ రకం ప్లాస్టిక్ మరీ సున్నితం. విడి ముక్క మీద లాగుడు లేదు కాబట్టి అంత ప్రమాదం లేదు. బిగించాక పోయడమే నేను చేసిన పొరపాటు. నేను ఇంత మురిసిపోయిన ఆ బిగువే మోకాలిని పగలగొట్టింది.

ఫెవిక్విక్‌తో అతికించాను. కొంచెం లోపలికి కారి కుడి మోకాలు బిగుసుకుపోయింది. అప్పటినుంచి ఆ జాకు నిటారుగా మాత్రమే నిలబడుతుంది.

దీని తర్వాత బిగువు గురించి నా అభిప్రాయం కొంత మారింది. టక్‌మని కూర్చున్న ముక్కని పొరపాటున తిప్పి పెట్టామని తెలిస్తే, ఊడదీయడం నరకం. రెండుసార్లు నా గోరు విరిగింది. అనుభవం ఉన్నవాళ్ళు పిన్ను కొసని ముందే ఏటవాలుగా కోసుకుంటారు, మళ్ళీ విప్పడానికి వీలుగా. నేనూ ఇప్పుడు అదే చేస్తున్నాను, చప్పుడు కాస్త తగ్గినా సరే. పైగా ఆ బిగువు అన్నిచోట్లా నిలవదు. అమ్మాయి రోజూ ఫోజులు మార్చిన మొదటి గండమ్‌కి ఇప్పుడు తుపాకీ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి వాలిపోతోంది. గీతలకి ఇప్పుడు సన్న మొన పెన్ను వాడుతున్నాను. ఎక్కువైతే రబ్బరుతో తుడిస్తే పోతుంది. సిరా వేసినంత అందంగా రాదు, ఒప్పుకుంటాను.

కొనమని చెప్పనా అంటే, నాకు రాత్రి తొమ్మిది తర్వాత గంట ఖాళీ ఉంటుంది, డైనింగ్ టేబుల్ మీద ఒక మూల నాది, ఇంట్లో పాకే పిల్లలు లేరు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా నా మాట అంతగా పట్టించుకోకండి. బియ్యపు గింజంత ముక్క కింద పడితే వెతకడానికి అరగంట పడుతుంది. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్ళు కళ్ళజోడు, మంచి దీపం ముందు చూసుకోండి. ఎంట్రీ గ్రేడ్‌తో మొదలుపెడితే నష్టం లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

తమ్ముడు సంక్రాంతికి వస్తున్నాడు. “ఈసారి ఏ కిట్ తేవాలి అక్కా?” అని ఫోన్ చేశాడు. అదే జాకు, అదే ఆకుపచ్చది తెమ్మన్నాను. ఈసారి గీతలు ముందు గీసుకుని, ఆ తర్వాతే బిగిస్తాను.