మాల్దీవుల్లో గది కన్నా ముందు పడవ చూసుకోండి

వారం ఆగితే కోపం తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

ఐదు రాత్రుల ప్రయాణం. మేమిద్దరం, అక్కా బావా. నీళ్ల మీద కట్టిన విల్లాలో ఒక్కసారైనా పడుకోవాలని మా ఆవిడకి పెళ్లయిన దగ్గర్నుంచీ ఉంది. బావేమో "కళ్లు మూసుకుని పడుకునేదానికి అంత డబ్బా?" అని ఐదు రాత్రులూ మాఫుషి అనే జనం ఉండే దీవిలో గెస్ట్‌హౌస్ తీసేసుకున్నాడు. మేం మొదటి రెండు రాత్రులు రిసార్టులో ఉండి, మిగతా మూడూ వాళ్లతో కలుద్దామని అనుకున్నాం.

రిసార్టు పేరు చెప్పను, రేటు చెప్తాను. ఏజెంటు చూపించింది రాత్రికి 320 డాలర్లు, పక్కన రెండు ప్లస్ గుర్తులు. కథంతా ఆ ప్లస్సుల్లోనే ఉంది. ముందు 10 శాతం సర్వీస్ చార్జి, ఆ కలిపినదాని మీద మళ్లీ 17 శాతం పర్యాటక జీఎస్టీ. 320 కాస్తా 411.84 అయింది. ఆ పైన మనిషికి రాత్రికి 12 డాలర్ల గ్రీన్ ట్యాక్స్. వెరసి 435.84, రెండు రాత్రులకి 871.68. ఇక నీళ్ల మీద దిగే చిన్న విమానం, సీప్లేన్, రానూపోనూ మనిషికి 520, ఇద్దరికీ 1,040. అంటే గది కన్నా దారి ఖర్చే ఎక్కువ! ఇదంతా ముందే కూడి చూసుకోకపోవడం నా తప్పే, ఒప్పుకుంటాను.

నా తప్పు కానిది ఇప్పుడొస్తుంది. సీప్లేన్లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి. "మూడున్నర లోపు దిగితే చాలు సార్" అన్నాడు ఏజెంటు. మా విమానం 2:20కి దిగాల్సింది 3:10కి దిగింది. ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి నాలుగు. రిసార్టు కౌంటర్లో కుర్రాడు చిరునవ్వు చెదరకుండా "ఆఖరి విమానం వెళ్లిపోయింది, రేపు పొద్దున్నే" అన్నాడు. మరి రాత్రికి? విమానాశ్రయం పక్క దీవి హుల్హుమాలేలో హోటళ్లున్నాయట. డబ్బు ఎవరిస్తారు? మేమే. ఇవాళ్టి గది అద్దె? తిరిగి రాదు. ఏజెంటుకి ఫోన్ చేస్తే "మూడున్నర అంటే మామూలుగా చెప్పానండీ" అన్నాడు. మామూలుగా!

హుల్హుమాలేలో గది 92 డాలర్లు. కిటికీ తెరిస్తే ఎదురు భవనం గోడ. మా ఆవిడ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అదే విమానంలో దిగిన అక్కా బావా అప్పటికే స్పీడ్‌బోటెక్కి మాఫుషి చేరి, కాల్చిన చేప ఫొటో కూడా పంపారు.

మర్నాడు పదకొండింటికి రిసార్టు చేరితే, చెకిన్ రెండింటికన్నారు. "నిన్నటి నుంచీ మా పేరు మీదున్న గదే కదా?" అని అడిగితే, శుభ్రం చేస్తున్నారన్నారు. ఎవరూ పడుకోని గదిని ఏం శుభ్రం చేశారో!

అబద్ధం ఆడకూడదు, విల్లా మాత్రం బాగుంది. మెట్లు దిగితే నడుం లోతు నీళ్లు, మూరెడు పొడవు సొరచేప పిల్లలు కాళ్ల పక్కనుంచే వెళ్లిపోతున్నాయి. మా ఆవిడ మొదటిసారి నవ్వింది. సాయంత్రం బఫే 85 ప్లస్ ప్లస్, అంటే మనిషికి 109.40. ఆ లెక్క చూశాక నవ్వు నాకు పోయింది. మర్నాడు బయల్దేరాం.

మాఫుషి సంగతి వేరు. విమానాశ్రయం నుంచి స్పీడ్‌బోటు ఒకవైపుకి మనిషికి 25 డాలర్లు, అరగంట పైచిలుకు. గెస్ట్‌హౌస్ పొద్దుటి టిఫిన్‌తో 68, గ్రీన్ ట్యాక్స్ ఇక్కడ మనిషికి 6 డాలర్లే, మొత్తం రాత్రికి 80. రాజధాని మాలే నుంచి ప్రభుత్వ ఫెర్రీ అయితే ఇంకా చాలా చవక, గంటన్నర పడుతుంది, శుక్రవారం నడవదు.

టిఫిన్‌లో మస్ హునీ పెట్టారు. తూర చేప తురుమూ, కొబ్బరి కోరూ, ఉల్లీ, మిరపా, నిమ్మరసం చేత్తో కలిపి, రోషీ అనే చపాతీతో. పొద్దున్నే చేపేమిటని మూతి ముడిచిన మా ఆవిడే మూడో రోషీ అడిగింది. మధ్యాహ్నం గెస్ట్‌హౌస్ యజమాని తల్లి తను వండుకున్న గరుధియా మాకూ పోసింది. ఉప్పునీళ్లలో తూర ముక్కలు ఉడికించిన పలచని చారు, అంతే. అన్నంలో పోసుకుని నిమ్మకాయ పిండి, పచ్చిమిర్చి కొరుక్కుంటూ తినాలి. అక్క రెండు గిన్నెలు తాగి "ఒరేయ్, ఆ 109 డాలర్లు ఈవిడకివ్వాల్సింది" అంది. ఆవిడ డబ్బు తీసుకోలేదు.

మాఫుషిలో బావ ఒక్కడే ముభావంగా ఉన్నాడు. డ్యూటీ ఫ్రీలో కొన్న సీసాని కస్టమ్స్ వాళ్లు ఎక్స్‌రేలో చూసి, మర్యాదగానే, తీసుకుని రసీదిచ్చారు. దేశంలోకి మందు తీసుకురాకూడదు, జనం ఉండే దీవుల్లో అమ్మకూడదు. ఒడ్డుకి దూరంగా లంగరేసిన పడవ బార్లున్నాయి గానీ, పడవెక్కి వెళ్లి తాగడం ఆయనకి నామోషీ. స్నానపు దుస్తుల్లో తిరగడానికి కూడా ఒక చివర తడికలు కట్టిన బీచి ఒకటే ఉంది. మిగతా ఊళ్లో ఒళ్లు కప్పుకోవాలి. మాఫుషి నాకు నచ్చిందని కూడా అనను. సందు సందుకీ హోటలే, బీచిలో చోటు కోసం తోపులాట.

మళ్లీ వెళ్తే నేను చేసేదిది. రాత్రి మకాం గెస్ట్‌హౌస్‌లో పెట్టి, దగ్గరి రిసార్టుకి డే పాస్ కొనుక్కుంటాను. విల్లాలో పడుకోవాల్సిందే అంటే, మాలే అటాల్‌లలో, అంటే రాజధాని దగ్గరి దీవుల గుంపుల్లో, స్పీడ్‌బోటు వెళ్లే రిసార్టే. రాత్రి దిగినా పడవ ఉంటుంది, అయినా ఎన్నింటిదాకానో రిసార్టుతోనే రాయించుకోండి. మందు కావాల్సినవాళ్లు తిండీ మందూ అద్దెలోనే కలిసే ఆల్ ఇన్‌క్లూజివ్ తీసుకోవడం మేలు, విడిగా కొంటే ప్రతి గ్లాసుకీ ఆ రెండు ప్లస్సులూ తగులుతాయి. జనం వద్దనుకుంటే తొడ్డూ, పుచ్చకాయలు పండించే దీవి. తిమింగల సొరలు చూడాలంటే ధిగురా దీవి, ఏడాది పొడుగునా కనిపిస్తాయి. మాంటా రేలనే పెద్ద రెక్కల చేపల కోసమైతే జూన్ నుంచి నవంబరు మధ్య బా అటాల్‌లో ధరవందూ దీవి. అక్కడ మామూలు రన్‌వే ఉంది, సీప్లేన్ అక్కర్లేదు. వానలు మే నుంచి అక్టోబరు దాకా, రేట్లు తగ్గేదీ అప్పుడే.

మొత్తం బసకీ, దారికీ కలిపి అక్కా బావలకి 500 డాలర్లు, మాకు 2,343.68. రిసార్టుకి రాసిన మెయిల్‌కి మూడో రోజు జవాబొచ్చింది. మొదటి రాత్రి మేం లేం కాబట్టి ఆ రాత్రి గ్రీన్ ట్యాక్స్ 24 డాలర్లు వెనక్కిస్తారట.

తిరుగు ప్రయాణంలో బావ రసీదు చూపించి సీసా తీసుకున్నాడు. మూత చూసి, ఎత్తి పట్టుకుని మట్టం చూసి, "నాది పూర్తిగా వచ్చిందిరా" అన్నాడు. విమానం ఎక్కేదాకా మా ఆవిడ నవ్వుతూనే ఉంది.