లైబ్రరీలో హత్య: ముందు ఏ నవల చదవాలి?

లైబ్రరీలో శవం అనగానే అందరూ చెప్పేది అగాథా క్రిస్టీ 'ది బాడీ ఇన్ ద లైబ్రరీ' (1942). కానీ అది మనం కార్డు తీసుకుని వెళ్ళే లైబ్రరీ కాదు, కల్నల్ బాంట్రీ బంగళాలో పుస్తకాల గది. తెల్లారేసరికి అక్కడ ఎవరో తెలియని అమ్మాయి శవం. బాంట్రీ గారి భార్య ఆ మాట చెప్పి లేపితే, రాత్రి చదివిన డిటెక్టివ్ నవల తాలూకు కలేలే అని ఆయన కొట్టిపారేస్తాడు. కేసు ఛేదించే ముసలావిడ మిస్ మార్పుల్ చూపు మాత్రం ఆ అమ్మాయి గోళ్ళ మీద పడుతుంది. అక్కడి నుంచి ముడి విప్పే తీరులో క్రిస్టీకి తిరుగులేదు.

నిజంగా పబ్లిక్ లైబ్రరీయే కావాలంటే సులారీ జెంటిల్ రాసిన 'ది వుమన్ ఇన్ ద లైబ్రరీ' (2022) ఉంది. ఇలాంటి చోట హత్య కథ నడపడం కష్టం. ఇంట్లో అయితే అనుమానితులను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఇక్కడ ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. జెంటిల్ దీనికి భలే ఉపాయం పట్టింది. బోస్టన్ పబ్లిక్ లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో ఒకే బల్ల దగ్గర ముక్కూమొహం తెలియని నలుగురు. ఎక్కడో ఓ ఆడమనిషి కేక. గార్డులు ఎవరినీ కదలొద్దంటారు. ఊరికే కూర్చోలేక నలుగురూ మాటల్లో పడతారు, తర్వాత కలిసి కాఫీకి వెళతారు. ఆ కాఫీ తాగింది ఒక హంతకుడితో అని కథ చెప్పే అమ్మాయి మొదటి అధ్యాయంలోనే అనేస్తుంది! కేక వినపడినప్పుడు నలుగురూ ఒకే చోట ఉన్నారు కదా, మరెలా? టెన్షన్ అంతా అక్కడే.

నవలలో ఈ కథను రాస్తున్నది హన్నా అనే ఆస్ట్రేలియా రచయిత్రి, ఆమే ఓ పాత్ర. మధ్యమధ్యలో లియో అనే అభిమాని ఆమెకు రాసే ఉత్తరాలు వస్తాయి. మొదట అమెరికాలో ఈ మాట ఇలా అనరు అంటూ దిద్దుతాడు. పోనుపోను ఆ ఉత్తరాలు చదువుతుంటే వెన్నులో చలి పుడుతుంది. అసలు కథ కంటే ఇవే నాకు ఎక్కువ నచ్చాయి.

ఒక్కటే అసంతృప్తి. రెండు నవలల్లోనూ లైబ్రరీ ఆరంభానికే, తర్వాత కథ బయటికి వెళ్ళిపోతుంది. పుస్తకాల గదులే చిక్కుముడి కావాలంటే ఉంబెర్టో ఎకో 'ద నేమ్ ఆఫ్ ద రోజ్' ఉంది. అయితే అది 1327 నాటి క్రైస్తవ మఠం, ఆ లైబ్రరీలోకి మామూలు సన్యాసులకే ప్రవేశం లేదు. పైగా మతచర్చలు పేజీలకు పేజీలు.

ఈ వారాంతానికి ఒక్కటే అంటే నా ఓటు జెంటిల్‌కే. లియో ఉత్తరాలు మాత్రం దాటేయకండి.