బరంపురం వడ్రంగి షాపు అక్వేరియం స్టాండు: కర్ర బాగుంది, అతుకే బాగోలేదు

మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టెలో 127 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. గాజు, ఇసుక కలిపితే స్టాండు మోసేది 160 కిలోల పైమాటే. ఇక్కడ వాడే 3×2 అంగుళాల సాల్ కర్రకి అదో లెక్క కాదు. చిక్కంతా అతుకులో ఉంది. పైపట్టీని కాలి పక్కకి ఆనించి రెండేసి స్క్రూలు బిగించారు, అంటే బరువంతా స్క్రూల మీదే. కర్ర ఎండి రంధ్రం వదులైతే ఓ మూల దిగుతుంది, తొట్టె అడుగు గాజు చిట్లుతుంది. పట్టీ కాలి నెత్తిన కూర్చోవాలి. లేదంటే పట్టీ కింద నేల దాకా ఇంకో కర్ర నిలబెట్టించుకోండి. మేస్త్రీకి తెలుగు బాగానే వచ్చు, విడమరిచి చెబితే చేస్తాడు.

పైన 18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వేశారు, మెచ్చుకోవాల్సిందే. పార్టికల్ బోర్డయితే ఈ తేమకి ఉబ్బిపోయేది. కానీ అంచులకి పాలిష్ లేదు, నీరు దూరేదే అక్కడ.

తెచ్చుకునేముందు పైచట్రం మూల నుంచి ఎదురు మూలకి, ఐమూలగా రెండు వైపులా కొలవండి. తేడా వస్తే చట్రం వంకరే. ఇంట్లో రసమట్టం పొడవుగా, అడ్డంగా పెట్టి చూడండి. వాటముంటే చెక్కపేడు కాళ్ల కింద దూర్చాలి, తొట్టె కింద కాదు. సగం నీళ్లు పోశాక మళ్లీ చూడండి.