హన్మకొండలో చేర్యాల పటం కొనబోతున్నారా? నా 8,500 ఎలా పోయాయో చదివి వెళ్లండి

హన్మకొండలో ఒక కళాకేంద్రం ఉంది. పేరు రాయడం లేదు, రాస్తే పేరు మీదే గొడవ నడిచి అసలు సంగతి పక్కకు పోతుంది. గ్యాలరీ, పిల్లలకు వర్క్‌షాపులు, బయటికి వచ్చే దారిలో అమ్మకాల గది, అన్నీ ఒకే చోట. ఇలాంటి చోట చేర్యాల పటం, అంటే బట్ట మీద చేత్తో వేసే పురాణ కథల బొమ్మ, కొందామనుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక్క పది నిమిషాలు ఆగండి.

మా చెల్లె గృహప్రవేశానికి ఏదైనా మంచిది ఇద్దామని వెళ్లాను. మాది కొత్తవాడ, తాత మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. మా నేతవాళ్లకు కథ చెప్పే కూనపులివాళ్లు వచ్చి పటం వేలాడదీసి రాత్రంతా మార్కండేయ పురాణం చెప్పేవాళ్లని ఆయన దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అందుకే గోడ మీద ఆ కథలోని మా నేతవాళ్ల మూలపురుషుడు, పులినెక్కిన భావనారుషి కనిపించగానే నా బుర్ర పనిచేయడం మానేసింది. 8,500 అన్నాడు, బేరం కూడా ఆడలేదు. బేరం ఆడినా బాగుండేది, కనీసం ఆ కాసేపైనా పటాన్ని చేతిలోకి తీసుకుని చూసేవాడిని.

"చేర్యాల నుంచి నకాషీ ఆర్టిస్టు వచ్చి ప్రతి ఆదివారం ఇక్కడే కూర్చుని వేస్తారు సార్, అన్నీ నేచురల్ కలర్సే" అన్నాడు కౌంటర్ దగ్గరున్న అబ్బాయి. నకాషీలంటే తరతరాలుగా ఈ పటాలు వేసేవాళ్లు. నేను వెళ్లింది ఆదివారమే. చాప పరిచి ఉంది, రంగుల గిన్నెలు ఉన్నాయి, మనిషే లేడు. ఊరికి పోయారట. నమ్మాను.

గృహప్రవేశం రోజు మా మేనమామ పటాన్ని చేత్తో తడిమి "ఏందిరా ఇది, ఫ్లెక్సీ లెక్క జారుతోంది" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను కానీ లోపల టెన్షన్ మొదలైంది. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూశాను. ఎర్ర రంగు నిండా సన్న చుక్కలు, పేపర్లో ఫొటోను దగ్గరగా చూస్తే కనిపిస్తాయే, అలాంటివి. ప్రింట్ అది. పైన కొన్ని నల్లగీతలు, నగల దగ్గర పసుపు చుక్కలు మాత్రం చేత్తో పెట్టారు, కాబట్టి వేలు పెడితే రంగు ఎత్తుగా తగిలి నిజమే అనిపిస్తుంది. నేను మోసపోయింది కూడా సరిగ్గా అక్కడే.

ఒక తెలివైన పని మాత్రం చేశాను. ఏమీ తెలియనట్టు ఆ రాత్రే వాళ్ల వాట్సాప్‌కు "ఇలాంటిదే ఇంకొకటి కావాలి, రేటెంత, చేత్తో వేసిందేనా" అని పెట్టాను. పొద్దున్నే జవాబు వచ్చింది: 8,500, హండ్రెడ్ పర్సెంట్ హ్యాండ్‌మేడ్. ఆ మెసేజ్ ఇప్పుడు నాకు పటం కంటే విలువైనది.

మళ్లీ వెళ్లేసరికి అదే చోట ఇంకో భావనారుషి వేలాడుతున్నాడు. నా పటంలో పులి తోక కొస దగ్గర ఎరుపు కొంచెం జారి గీత దాటింది, చేతిపని కదా అని ముందు దానికే మురిసిపోయాను. గోడ మీది దాంట్లోనూ అదే తోక, అదే కొస, అదే జారుడు. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ అబ్బాయి ఏమీ మాట్లాడకుండా గోడ మీది పటాన్ని చుట్టి లోపల పెట్టేశాడు. ఆ తర్వాత మేనేజర్ వచ్చి రసీదు చూడమన్నాడు. చూస్తే దాని మీద "విరాళం" అని ఉంది! మీరు కేంద్రానికి విరాళం ఇచ్చారు, మేము జ్ఞాపికగా పటం ఇచ్చాం, ఇది అమ్మకమే కాదు పొమ్మన్నాడు. ఫోన్‌లో కట్టిన డబ్బు కూడా కేంద్రం పేరు మీద కాకుండా ఎవరో వ్యక్తి ఖాతాకు పోయింది. కట్టేటప్పుడు స్క్రీన్ మీద ఆ పేరు కనిపించింది, నేనే పట్టించుకోలేదు.

కాబట్టి కొనేవాళ్లు ముందు రసీదు చూడండి. "చేతితో వేసిన చేర్యాల పటం, ఇంత ధర" అని బిల్లు మీద రాసివ్వమనండి, రాయడానికి వెనకాడితే అక్కడే వదిలేసి రండి. తర్వాత పటాన్ని వెనక్కి తిప్పండి. అసలు పద్ధతిలో ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి మూడుసార్లు పూత వేస్తారు, అందుకని బట్ట బిరుసుగా ఉంటుంది, నున్నగా మెరవదు. రంగులు మెరుస్తున్నాయని మాత్రం అనుమానించకండి, చేర్యాలలోనే ఇప్పుడు చాలామంది కొన్న రంగులు వాడుతున్నారు, దాన్ని మోసం అనలేం. గీత చూడండి. ఒకే బొమ్మ ఉన్న రెండు పటాలు అడిగి పక్కపక్కన పెట్టించండి, కళ్లు, వేళ్లు, తోకలు ఎక్కడో ఒకచోట తేడా రావాలి.

మా బాబు మట్టికుండల వర్క్‌షాపు గురించి ఎక్కువ చెప్పను. 600 తీసుకుని రెండు గంటలన్నారు, చక్రం మీద చేయి పెట్టింది ఇరవై నిమిషాలు, కాల్చి ఇస్తామన్న కుండ ఇంతవరకు రాలేదు. గ్యాలరీలో కోట కీర్తి తోరణాల పాత ఫొటోలు మాత్రం నిజంగా బాగున్నాయి, చూసి రావడానికైతే వెళ్లండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద అది తప్పే. జిల్లా కమిషన్‌కు వెళ్లాలన్నా 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి, అంతే. విరాళం అనే మాట అక్కడ ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం, వాట్సాప్ మెసేజ్ ఉంది కదా.

అసలు పటమే కావాలంటే చేర్యాల ఏమంత దూరం? జనగామ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. 2016లో సిద్దిపేట జిల్లాలోకి పోయినా మనకు అది పాత వరంగల్ జిల్లానే. వేసే ఇంటికే పోయి, వాళ్లు వేస్తుంటే చూసి కొనుక్కోవచ్చు. చెల్లెకు రెండో పటం అట్లాగే తెస్తాను.

ఈలోగా మీ ఇంట్లో పులినెక్కిన భావనారుషి ఉంటే, తోక కొస దగ్గర ఎరుపు గీత దాటి ఉంటే, దగ్గరగా ఒక ఫొటో తీసి నాకు పంపండి. రసీదు కూడా పెట్టండి. ఇలా మోసపోయినవాళ్లం ఇప్పటికి ఇద్దరం అయ్యాం.