సార్పో మీరా విత్తన దుంపలు: వానకు జంకలేదు, ఉడికిస్తే విడిపోయింది

రెండేళ్లు వరసగా లేట్ బ్లైట్ అనే ఆకుమాడు తెగులు నా బంగాళాదుంప మడిని ఊడ్చేసింది. ముసురు పట్టిన వారంలోనే ఆకులు నల్లబడి, కుళ్లిన వాసన! అందుకే ఈసారి సార్పో మీరా వేశాను. హంగరీలో సార్వారి కుటుంబం తయారుచేసిన, బ్లైట్‌ను తట్టుకునే ఎర్రతొక్క రకం ఇది.

పది దుంపలు నాటాను. పక్కనే పాత రకం నాలుగు. వానలకు పాతవి పది రోజుల్లో కుప్పకూలాయి, ఇది మాత్రం పచ్చగా నిలబడింది. కింది ఆకుల మీద కొన్ని మచ్చలు, అంతే. మందు ఒక్కసారీ కొట్టలేదు.

అయితే తీగ విపరీతంగా పెరిగి దారి మూసేసింది, ఎడం ఎక్కువ ఇవ్వాల్సింది. పంట ఆలస్యం. పైగా నాలుగైదు దుంపల మీద గజ్జి తెగులు (స్కాబ్) మచ్చలు. బ్లైట్‌ను తట్టుకునేది అన్నిటినీ తట్టుకోదు కదా. పిండి ఎక్కువ, ఉడికిస్తే విడిపోతుంది. వేయించడానికి, మెదపడానికి భేష్. ధ్రువీకరించిన విత్తనమే కొనండి, వైరస్‌లు విత్తన దుంపతో కూడా వస్తాయి.

అయిదుకు నాలుగు. వచ్చే ఏడు మళ్లీ ఇదే, వేరే మడిలో.